దేవుని కుండ బియ్యం

పోయిన క్రిస్మస్‌కు మా ఊరి చర్చివాళ్లు నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. హుస్నాబాద్ దాటి పోయే దారిలో ఉంటుంది మా ఊరు. కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పి, పదవీ విరమణ చేసి ఇన్నేళ్లయినా ఇంకా నన్ను పిలిచేవాళ్లున్నారంటే సంతోషించాలి. సంతోషించాను కూడా, మధ్యాహ్నం భోజనాల వేళ దాకా. ఆరాధన అయింది. నా ప్రసంగం అయింది. శాలువా కప్పారు. ఆ తర్వాత సంఘ కార్యదర్శి నా చేయి పట్టుకుని జాగ్రత్తగా మెట్లు దింపి, షామియానా దాటించి, పాత బడి వరండాలోకి తీసుకుపోయాడు. కంప్యూటరు చదువు చదివినవాడు, మర్యాదస్తుడు. వరండాకు అడ్డంగా నీలం పరదా కట్టి ఉంది. పరదా వెనక తెల్లగుడ్డ పరిచిన బల్లలు, మెరిసే స్టీలు గిన్నెలు. అప్పటికే ఒక మాజీ ఎమ్మెల్యే, ఒక పోలీసు అధికారి, ఇద్దరు కాంట్రాక్టర్లు కూర్చుని ఉన్నారు. నేను గుమ్మం దగ్గర ఆగాను. ఎందుకు ఆగానో తనకు అర్థమైందనుకున్నాడు పాపం. గొంతు తగ్గించి, "ఫికర్ చెయ్యకుండ్రి మేడం. ఇది మనోళ్ల చేతి వంట కాదు. కరీంనగర్ నుంచి హోటలోళ్లను పిలిపించినం. మనోళ్లు ఎవ్వలు ముట్టలే" అన్నాడు.

నాకు కోపం ఎక్కువ. పాఠాలు చెప్పినన్నాళ్లూ పిల్లలు నా వెనక మిరపకాయ మేడం అనుకునేవాళ్లని నాకు తెలుసు. ఇప్పుడు బీపీ వచ్చింది, కోపం తగ్గించుకొమ్మని డాక్టరు చెప్పాడు. తగ్గించుకుందామనే అనుకుంటాను. ఇలాంటి మాట చెవిన పడితే ఎట్లా తగ్గుతుంది? ఆ అబ్బాయి నన్ను అవమానించాలని అనలేదు. అదే నా బాధ. గౌరవించాలని అన్నాడు. తన వాళ్ల చేయి తగల్లేదు కాబట్టి నిశ్చింతగా తినమని నాకు భరోసా ఇచ్చాడు. వాళ్లమ్మ ఆ సమయానికి చర్చి వెనక పొయ్యి దగ్గర నిలబడి సంఘమంతటికీ బగారన్నం వండుతోందని ఆ తర్వాత తెలిసింది. తల్లి చేతిని తప్పించి తెచ్చిన అన్నం నాకు పెట్టబోయాడు.

పైగా అదే వరండా. పెంకులు పోయి స్లాబు వచ్చింది, గోడలకు రంగు మారింది, అంతే. నా చిన్నప్పుడు అక్కడ ఇంకో పరదా కట్టారు. అది దుప్పటి పరదా. దాని సంగతి చెప్పకుండా ఈ పరదా సంగతి చెబితే, నా కోపం మీకు ముసలిదాని చాదస్తంలా కనబడుతుంది. అందుకని ముందు అది చెబుతాను.

మా బాపు యాకోబు. మా వైపు నాన్నను బాపు అంటాం, అమ్మను అవ్వ అంటాం. ఊరికి యాకోబు పంతులు. మిషన్ బడికి పెద్ద పంతులు ఆయనే, ఆదివారం సంఘానికి కార్యదర్శీ ఆయనే. రజాకార్ల కాలం గడిచిపోయి, పోలీస్ యాక్షన్ అయిపోయి, మా వైపు కొత్తగా ఖద్దరు టోపీలు కనబడుతున్న రోజులవి. ఆంధ్రప్రదేశ్ ఇంకా కాలేదు. బాపు తాను ఉర్దూలో చదువుకుని మాకు తెలుగులో చెప్పేవాడు. బోర్డు మీద లెక్క తెలుగులో వేసి, నోట్లో గొణుక్కుంటూ మాత్రం ఉర్దూలోనే కూడుకునేవాడు. పొద్దున్నే వేపపుల్ల నోట్లో పెట్టుకుని బడి చుట్టూ ఒక తిరుగు తిరిగి, ఏ పెంకు జారింది, ఏ గోడ పగులు పెరిగింది చూసుకుని గానీ ముఖం కడుక్కోడు. ఆయనకు ఒకే ఒక నల్లకోటు ఉండేది. ఎవరో మిషన్ దొర పోతూ పోతూ ఇచ్చింది. ఏడాదంతా నాఫ్తలీను గోలీలతో ట్రంకు పెట్టెలో ఉండి క్రిస్మస్ రోజు బయటికి వచ్చేది. నాకు ఇప్పటికీ క్రిస్మస్ అంటే ముందు ముక్కుకు తగిలేది నాఫ్తలీను వాసనే, ఆ వెనక వేడి అన్నం కింద కమిలే మోదుగాకు వాసన.

మా అవ్వ రూతమ్మ. అక్షరం ముక్క రాదు. పాటలు మాత్రం వంద వచ్చు, వంట చేస్తూ అన్నీ ఒకే రాగంలో పాడేది. పొడుగు మనిషి, చేతులు పెద్దవి. మాట కరుకు, అది నాకు వచ్చింది. మా వంటగదిలో పొయ్యి పక్కన గోడ గూట్లో ఒక చిన్న మట్టికుండ ఉండేది. దాన్ని దేవుని కుండ అనేవాళ్లం. మా సంఘంలో ప్రతి ఇంటికీ ఒకటి ఉండేది. ఎసరులో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి ఆ కుండలో వెయ్యాలి. మా ఇళ్లలో రోజూ బియ్యం ఎక్కడివి? గట్క వండిన రోజు జొన్నలు తీసి పక్కన పెట్టి, బియ్యం దొరికిన నాడు ఆ బాకీ తీర్చేది అవ్వ. ఒకనాడు ఇంట్లో నూకలు తప్ప ఏమీ లేవు, అవి కూడా అందరికీ చాలవు. అయినా పిడికెడు తీసింది. నాకు ఆకలి, ఒళ్లు మండింది. "ఇయ్యాల తియ్యకపోతె ఏమైతదే అవ్వా" అన్నాను. "గీ పిడికెడు మనది కాదు బిడ్డా. ఇది తీసినంక మిగిలిందే మనది" అంది. ఆ లెక్క నాకు ఆనాడు రుచించలేదు. కాలేజీలో ప్రజల సొత్తు, ప్రభుత్వ ఖజానా అని పాఠం చెప్పినప్పుడల్లా గుర్తొచ్చేది.

క్రిస్మస్ ముందు వారం అవ్వ పెద్ద గంప నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి ఆ కుండలన్నీ గంపలోకి వంపించుకుని వచ్చేది. ఆ బియ్యంతోనే పండుగనాటి ప్రేమవిందు. సంఘమంతా నేల మీద ఒకే వరసలో కూర్చుని తినడం ప్రేమవిందు. వినడానికి సులువుగా ఉంది కదా. మా సంఘంలో మాలవాడ వాళ్లూ ఉన్నారు, మాదిగవాడ వాళ్లూ ఉన్నారు. మాది ఏ వాడ అని మీరు అడగబోతున్నారు. చెప్పను. బాప్తిస్మం తీసుకున్నాక కూడా మా తాతల కాలంలో ఒక వాడ వాళ్లు వండింది ఇంకో వాడ వాళ్లు తినేవాళ్లు కాదట. ఒకే గుడిలో ఒకే పాట పాడి, రెండు పొయ్యిల మీద వండుకుని, రెండు వైపులకు తిరిగి కూర్చుని తిని పోయేవాళ్లట. అవ్వ కాపురానికి వచ్చిన కొత్తలో గంప పట్టుకుని రెండు వాడలూ తిరిగి బియ్యం అన్నీ ఒక్క దాంట్లో కలిపేసింది. పెద్దవాళ్లు లేచారు, కేకలేశారు. "కలిసిపోయినయి గదా, ఎవల గింజలు వాళ్లు ఏరుకపోండ్రి" అని గంప చర్చి ముందు పెట్టి కూర్చుందట. తెల్లవి, ఎర్రవి, ముక్కిపోయినవి, నూకలు, మధ్యలో నాలుగు జొన్నగింజలు. ఎవరు ఏరుతారు? ఆ ఏడు నుంచి మా సంఘానికి ఒకటే పొయ్యి. ఆ పొయ్యి దగ్గర తెడ్డు పట్టుకునేది మా అవ్వ.

ఇదంతా నేను పుట్టక ముందు సంగతి. నాకు ఊహ తెలిసే నాటికి మా సంఘం తన గీతను తాను చెరుపుకుని ఉంది. ఎవరూ వచ్చి చెరపలేదు. ఏ చట్టమూ లేదు, ఏ నాయకుడూ ఉపన్యాసం ఇవ్వలేదు. అట్లాంటి సంఘం పోయి పోయి ఏం చేసిందో వినండి.

బడికి గడ్డుకాలం వచ్చింది. మిషన్ దొరలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు, పైనుంచి వచ్చే సాయం తగ్గిపోయింది. సర్కారు గుర్తింపు వస్తే బడి నిలుస్తుంది, పై తరగతి కూడా పెట్టుకోవచ్చు. లేకపోతే మూసెయ్యడమే. అప్పటికి నేను ఆ బడిలో ఆఖరు తరగతిలో ఉన్నాను. మగపిల్లలైతే కరీంనగర్ పోయి ఎక్కడో ఉండి చదువుకుంటారు. నన్ను ఎవరు పంపుతారు? పై తరగతి రాకపోతే నా చదువు అక్కడితో సరి, పొలం పనికి పోవలసిందే. బాపుకు ఆ బెంగ ఉండేది. గుర్తింపు కోసం కరీంనగర్ చుట్టూ తిరిగి తిరిగి, ఆయన చెప్పుల అడుగు అరిగి నేల తగిలేది. చివరికి ఎవరో సలహా ఇచ్చారు. బడుల ఇన్‌స్పెక్టరును, తాసిల్దారును, మా ఊరి దొరను క్రిస్మస్ విందుకు పిలవండి, వాళ్లు వచ్చి ఒక పూట భోజనం చేసి పోతే పని అవుతుంది అని. దొర అంటే నిజాం కాలంలో మా వాళ్లతో వెట్టి చేయించుకున్న దొరే. కమ్యూనిస్టు సంఘాలవాళ్లకు భయపడి, కోట లాంటి తన గడీ వదిలి పట్నం పారిపోయి, కాలం మారాక ఖద్దరు వేసుకుని తిరిగి వచ్చాడు. వస్తూనే మా అందరి నాయకుడు అయ్యాడు.

పండుగ ఇంకా కొన్నాళ్లు ఉందనగా ఒక సాయంత్రం పాస్టరు అయ్యగారు మా ఇంటికి వచ్చారు. మెత్తటి మనిషి, ఎవరినీ నొప్పించలేక అందరినీ నొప్పించే రకం. బాపు ఆయనకు కుర్చీ వేసి తాను గడప మీద కూర్చున్నాడు. అవ్వ లోపల మోదుగాకులు కుడుతోంది, నేను పుల్లలు విరిచి ఇస్తున్నాను. అయ్యగారు కాసేపు దేవుని గురించి, కాసేపు చలి గురించి మాట్లాడి, "రూతమ్మా, ఈ ఏడు నువ్వు జర ఆరాం తీసుకోవాలె" అన్నారు.

అవ్వ పుల్ల గుచ్చడం ఆపలేదు. "ఎందుకు అయ్యగారూ, నా చేతికి ఏమాయె?"

"చేతికి ఏం కాలేదమ్మా. పెద్దవాళ్లు వస్తున్నారు. వాళ్ల పద్ధతులు వాళ్లకుంటయి. కరీంనగర్ నుంచి వంటాయనను మాట్లాడినం. అందరూ తినేటట్టు ఆయన వండుతడు."

అవ్వ బాపు వైపు చూసింది. ఆయన గడప మీది మట్టిని వేలితో గీకుతున్నాడు. "ఏం పంతులూ, నీకు ఎరుకేనా?" అంది.

"ఒక్క పూట, రూతూ" అన్నాడు బాపు. "ఒక్క పూట సర్దుకుంటె బడి నిలవడ్తది. పిల్ల సదువు నిలవడ్తది."

"నేను వండితె బడి కూలుతదా?"

అవ్వ కుట్టిన విస్తరి పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంది. "సరే. మరి దేవుని కుండ బియ్యం? అవన్న పొయ్యెక్కుతయా?"

అయ్యగారు కళ్లజోడు తుడుచుకున్నారు. ఆ బియ్యం పనికి రావు. వంటాయన తన బియ్యం తనే షావుకారు దగ్గర తీసుకుంటాడు. నీళ్లు కూడా మా బావివి కాదు, ఊళ్లోంచి వేరే మనిషి తెస్తాడు. యాట కూర కూడా లేదు ఈ ఏడు, పప్పూ కూరగాయలే. ఇవన్నీ ఆయన ఒక్కొక్కటే, ఎవరో తన నోట్లోంచి గుంజుతున్నట్టు చెప్పారు. "ఆ బియ్యం తర్వాత ఎవరన్నా బీదవాళ్లకు పంచుదాం" అని ముగించారు. అవ్వ అప్పుడు నవ్వింది. "మనకంటె బీదోళ్లు ఎవలున్నరు అయ్యగారూ, జర జాడ చెప్పుండ్రి, పోయి ఇచ్చొస్త" అంది. ఆయన టీ తాగకుండానే వెళ్లిపోయారు.

ఒక్క పూట. ఆ మాట నన్ను జీవితమంతా వెంటాడింది. ఈ దేశంలో మనల్ని ఎవరూ జన్మంతా తల వంచమని అడగరు. ఒక్క పూట వంచమంటారు. మరుసటి పూట మళ్లీ అడుగుతారు.

క్రిస్మస్ నాడు పొద్దున్నే వంటాయన వచ్చాడు. ఆయన మీద నాకు కోపం లేదు, ఆయన బతుకుతెరువు అది. బడి వరండా కడిగించి, ముందు దుప్పటి కట్టించి, వరండా చుట్టూ ముగ్గుపిండితో ఒక గీత గీశాడు. గీత లోపలికి తనవాళ్లు తప్ప ఎవరూ రాకూడదన్నాడు. మా పిల్లలకు అది ఆటలా ఉంది, గీత అంచు దాకా పరుగెత్తుకుంటూ పోయి ఆగేవాళ్లం. మా బాపు, ఆ బడి గోడకు తన చేతులతో సున్నం వేసినవాడు, నల్లకోటు వేసుకుని గీత బయట నిలబడి లోపల పనులు ఎట్లా సాగుతున్నాయో తొంగి చూస్తున్నాడు.

పెద్దవాళ్లు మధ్యాహ్నం జీపులో వచ్చారు. దండలు వేశాం, పాట పాడాం. దొర చర్చి ముందు కుర్చీలో కూర్చుని మాట్లాడాడు. ఆయనకు మాట బాగా వచ్చు. మనుషులంతా ఒక్కటే అన్నాడు. కొత్త రాజ్యాంగం వచ్చింది, అంటరానితనం పోయింది, ఇక మీకూ మాకూ భేదం లేదు అన్నాడు. మా వాళ్లు చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను, చేతులు మండేదాకా. ఆ తర్వాత ముగ్గురూ లేచి దుప్పటి వెనకకు పోయారు. ఆయన పొలంలో నాటు వేసింది, కోత కోసింది, కల్లంలో వడ్లు తూర్పారబట్టింది ఆ చప్పట్లు కొట్టిన ఆడవాళ్లే. వాళ్లు ముట్టిన వడ్లు ఆయన గాదెలోకి పోవడానికి ఏ అడ్డమూ లేదు. ఆ వడ్లే బియ్యమై, బియ్యం అన్నమయ్యే దగ్గరికి వచ్చేసరికి మాత్రం మా చేయి పనికి రాదు. ఈ తర్కాన్ని నేను ఎంతోమంది విద్యార్థుల ముందు పెట్టాను.

లోపల ఏం జరుగుతుందో చూద్దామని నేను గీత పక్కకు చేరాను. చేతులు కడుక్కోవడానికి నీళ్లు కావాలని ఎవరో అడిగారు. బాపు గబగబా చెంబు నిండా నీళ్లు తీసుకుని వచ్చాడు. అతిథులు మన ఇంటికి వచ్చారు, నీళ్లు ఇవ్వడం మన మర్యాద, ఆయనకు తెలిసింది అదే. ఒక కాలు గీత దాటింది. వంటాయన చెయ్యి అడ్డం పెట్టి, "అక్కడ్నే ఉండుండ్రి పంతులుగారూ. లోపటికి రావొద్దు. ఆ నీళ్లు వద్దు" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. బాపు కాలు వెనకకు తీసుకున్నాడు. చెంబు ఎక్కడ పెట్టాలో తెలియక అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. లోపల తాసిల్దారూ, ఇన్‌స్పెక్టరూ తింటున్నారు. దొర తినడం లేదు. "ఇయ్యాల నాకు ఒక్కపొద్దు" అని ఒక అరటిపండు ఒలుచుకున్నాడు. మా బావి వదిలి, మా బియ్యం వదిలి, మా అవ్వను వదిలి, ఇంత చేసినా ఆయన మా నేల మీద అన్నం ముట్టలేదు. అది చూస్తూ మా బాపు చేతిలో చెంబు సంగతే మరిచాడు, అది పక్కకు ఒరిగింది. నీళ్లు ఆయన నల్లకోటు మీద ఒలికాయి.

ఆ సమయానికే చర్చి వెనక నుంచి పొగ లేచింది. తుమ్మకట్టెల పొగ. నేను పరుగెత్తాను. అవ్వ మూడు రాళ్లు పెట్టి, పెద్ద గంజు ఎక్కించి, దేవుని కుండల బియ్యం కడుగుతోంది. ఎవరికీ చెప్పలేదు, ఎవరినీ పిలవలేదు. పాట పాడుతోంది, ఎప్పటి రాగంలోనే. పక్కన పచ్చిపులుసు కలిపి పెట్టి ఉంది. "అవ్వా, అయ్యగారు కోపం చేస్తరేమో" అన్నాను. "చెయ్యనీ. ఇంటింట్ల పొట్ట కట్టుకొని తీసిన పిడికెళ్లు ఇవి. పండుగనాడు పొయ్యెక్కకపోతె ఎన్నడెక్కుతయి?" అంది.

ముందు ఒక ముసలమ్మ వచ్చింది విస్తరి పట్టుకుని. తర్వాత ఇద్దరు. ఆ తర్వాత రెండు వాడల ఆడవాళ్లూ పిల్లలను చంకనేసుకుని వచ్చారు. జీపు వెళ్లిపోయాక సంఘ పెద్దలు బయటికి వచ్చి, వరండాలో ఇంకా చాలా వంట ఉంది, వచ్చి తినండి అని పిలిచారు. వంటాయన గీత అవతల నుంచే వడ్డిస్తాడట. ఎవరూ లేవలేదు. ఒక పెద్దమనిషి మాత్రం, "మా బియ్యం మాకు మంచిగున్నయి, గది మీరే తినుండ్రి" అన్నాడు. ఆ మిగిలిన అన్నం ఏమైందో నాకు గుర్తు లేదు. ఎవరికీ గుర్తు లేదు. నేల మీద వరసగా కూర్చుని, యాట కూర లేని పండుగ అన్నం పచ్చిపులుసుతో తిన్నాం. ఎర్రగింజ ఉడికింది, తెల్లగింజ మెత్తబడింది, జొన్నగింజ పళ్ల కింద కటుక్కుమంది. అంత మంచి అన్నం నేను మళ్లీ తినలేదు.

అందరూ తిని లేచాక బాపు వచ్చాడు. అయ్యగారు ఇంటికి పోయి తలుపు వేసుకున్నారు గానీ, బాపు వచ్చాడు. పొయ్యికి కొంచెం దూరంలో నిలబడ్డాడు, ఇక్కడ కూడా ఏదో గీత ఉన్నట్టు. అవ్వ తెడ్డుతో గంజు అడుగు గీకింది. "మాడే మిగిలింది. తింటవా?"

"పెట్టు" అన్నాడు.

"కోటు ఇప్పు ముందుగల. మసి అంటుతది."

ఆయన కోటు విప్పి నాకు ఇచ్చాడు. తడిసిన నాఫ్తలీను వాసన. నేల మీద కూర్చుని మాడు అన్నం తిన్నాడు, తల ఎత్తలేదు. అవ్వ ఎదురుగా కూర్చుని పచ్చిపులుసు పోసింది. ఇద్దరూ దాని గురించి ఆనాడు గానీ తర్వాత గానీ మాట్లాడుకోవడం నేను వినలేదు. ఆ సాయంత్రం ఇంట్లో ప్రార్థన చేస్తూ, 'మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము' అని రోజూ అడిగే మాట దగ్గరికి వచ్చి బాపు ఆగిపోయాడు. అవ్వ పూర్తి చేసింది.

ఇప్పుడు నా కోపంలో అసలు ముల్లు చెబుతాను. ఎండాకాలానికి ముందే బడికి గుర్తింపు వచ్చింది. పై తరగతి వచ్చింది. నేను చదివాను, ఆ తర్వాత కరీంనగర్, ఆ తర్వాత హైదరాబాద్. అంటే ఆ దుప్పటి పరదా పని చేసింది. బాపు వంచిన తల మీద కాలు పెట్టి నేను పైకి ఎక్కాను. బడికి అర్హత ఉంది, పిల్లలున్నారు, పంతుళ్లున్నారు, పరీక్షల్లో మా పిల్లలు ఎవరికీ తీసిపోలేదు. ఉత్తినే ఇవ్వవలసిన దాన్ని ఒక మనిషిని గీత బయట నిలబెట్టి ఇచ్చారు. ఇచ్చినందుకు మేము ఇంకా దండలు వేశాం. బాపును నేను తప్పుపట్టలేను, ఆయన నా కోసం చేశాడు. అవ్వను తప్పుపట్టలేను. మరి ఈ కోపాన్ని ఎక్కడ దింపుకోను? తరగతిలో దింపుకున్నాను. అంటరానితనం రద్దయిందన్న పాఠం వచ్చిన రోజు నా గొంతు పక్క గదికి వినబడేదని సహోద్యోగులు నవ్వేవాళ్లు.

ఆ సహోద్యోగుల సంగతీ ఉంది. నాకు మొదటి ఉద్యోగం ఆదిలాబాద్ వైపు కాలేజీలో. ఇల్లు అద్దెకు మాట్లాడుకుని సామాను దింపుతుంటే గోడకు తగిలించబోయిన శిలువ చూసి ఇంటాయనకు హఠాత్తుగా తన తమ్ముడు రాబోతున్నాడని గుర్తొచ్చింది. స్టాఫ్ రూములో టీ గ్లాసులన్నీ ఒకలాంటివే, నా గ్లాసుకు మాత్రం అంచు మీద చిన్న నీలం చుక్క. అది ఎందుకని అటెండరును అడిగితే, "మీ గ్లాసు పోగొట్టుకోవద్దని మేడం" అన్నాడు. అదే స్టాఫ్ రూము వాళ్లు సమైక్యత మీద సభ పెట్టి నన్ను మాట్లాడమన్నారు. మాట్లాడాను. నీలం చుక్క గురించే మాట్లాడాను. మరునాడు అన్ని గ్లాసులకూ నీలం చుక్కలు పెట్టారు. దాన్ని విజయం అనుకోవాలో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంత జరిగినా చర్చికి ఎందుకు పోతావని చదువుకున్న స్నేహితులు అడుగుతారు. అక్కడి ప్రసంగాల కోసం పోవడం లేదు నేను. మా సంఘం ఒకప్పుడు తన చేత్తో తాను ఒక గీత చెరిపింది. ఎట్లా చెరిపిందో నాకు తెలుసు, ఎవరు చెరిపారో తెలుసు. దేవుడు ఉన్నాడా అని నాకు అనుమానం వచ్చినప్పుడల్లా ఆ రంగురంగుల బియ్యం గుర్తు చేసుకుంటాను. మరుసటి ఏడు అవ్వను వంటకు రమ్మన్నప్పుడు, "పరదా ఉండదని సంఘం ముందట చెప్పుండ్రి, వస్త" అంది. కొత్తగా వచ్చిన పాస్టరు చెప్పారు. ఆమె చేతుల్లో బలం ఉన్నంత కాలం ఒకటే పొయ్యి. దానివల్ల పెద్దవాళ్లు రావడం మానేశారు. మాకు ఏ లోటూ రాలేదు.

ఇప్పుడు చర్చి పెద్దదైంది. పాలరాయి పరిచారు, మైకులున్నాయి, తెర మీద పాటలు కనబడతాయి. ఎవరింట్లోనూ దేవుని కుండ లేదు, అడిగితే అదేమిటని అడిగారు. నాయకులు వచ్చి కేకు కోసి మా పిల్లల నోట్లో పెట్టి ఫోటో దిగుతారు, తర్వాత పరదా వెనకకు పోతారు. ఆనాడు పరదా కట్టడానికి మాకు కనీసం ఒక భయం ఉండేది, బడి పోతుందన్న భయం. ఇప్పుడు ఏ భయం ఉంది? ఎవరు అడిగారు ఈ నీలం పరదాను? ఆ కుర్చీల్లో కూర్చున్న మాజీ ఎమ్మెల్యే బయట ఎవరు వండిన చికెన్ అయినా తింటాడని ఊరంతటికీ తెలుసు. ఎవరూ అడగకుండానే మేమే కొలతలు తీసుకుని మేమే కుట్టించి కట్టాం. దొర పోయాడు, గడీ కూలింది, ముగ్గుపిండి గీత మాత్రం మా లోపలికి వచ్చి కూర్చుంది.

కార్యదర్శి నా కోసం కుర్చీ వెనకకు లాగి పట్టుకుని నిలబడ్డాడు. "నేను అక్కడ తినను నాయనా" అన్నాను. అతని ముఖం పాలిపోయింది. "ఏమన్న తప్పు చేసినమా మేడం?" అన్నాడు. చేశారని చెప్పాను, కానీ ఏం తప్పో చెప్పే ఓపిక అప్పుడు లేదు. చేతికర్ర పట్టుకుని చర్చి వెనకకు నడిచాను. అతను పరేషానై వెంట వచ్చాడు. అక్కడ నలుగురైదుగురు ఆడవాళ్లు చెమటలు కారుస్తూ బగారన్నం వడ్డిస్తున్నారు. గంజు దగ్గర నిలబడ్డామె నన్ను చూసి తెడ్డు కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, "అయ్యో, మీరు ఇటెందుకు వచ్చిండ్రు మేడం, మీకు అక్కడ మంచిగ పెట్టిచ్చిండ్రు గదా" అంది. వెంట వచ్చినవాడి మీద మండిపడింది. "మేడంను గీ పొగలకు ఎట్ల రానిచ్చినవ్‌రా కొడుకా?" అప్పుడు తెలిసింది నాకు, ఆమె ఎవరో.

"నేను ఈ పొయ్యి కాడ పెరిగినదాన్నే అమ్మా" అన్నాను. "రూతమ్మ బిడ్డను. ఒక ప్లేటు ఇటివ్వు."

ఆమె ప్లేటు తీసింది, అన్నం పెట్టింది, ఇంకా నమ్మకం కుదరక నా ముఖంలోకి చూసింది.

"ఏ రూతమ్మ?" అంది.

అక్కడున్న వాళ్లెవరికీ తెలియదు. కార్యదర్శికి అసలే తెలియదు. నేను ప్లేటు పట్టుకుని నేల మీద కూర్చున్నాను. తల్లీ కొడుకులిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. గోడ గూట్లో కుండ దగ్గర మొదలుపెట్టాను. దుప్పటి పరదా దగ్గరికి వచ్చేసరికి అబ్బాయి తల వంచుకున్నాడు. వంచవద్దు, తల ఎత్తి విను అన్నాను. చెప్పడం అయ్యేసరికి నా ప్లేటులో అన్నం చల్లారిపోయింది. ఆమె ఆ ప్లేటు తీసుకుని, గంజు అడుగు నుంచి వేడి మాడు గీకి పెట్టి, "తినుండ్రి" అంది. ఆ వెనక కొడుకు వైపు తిరిగి, "పోయి గా పరదా ఇప్పుకరా" అంది.